రెండు మూరల యెడము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు రెండు కష్టములనే చెప్పిరి. కట్టిన యింటికి మరియొక గది చేర్చుట మూడవ కష్టము. క్రొత్తగా ఇల్లు కట్టువాడు ఖాళీ స్థలమును చూచుకొని కట్టును. ఉన్న యింటిని పెంచువాడు పొరుగువాని గోడను చూచుకొని కట్టవలెను.

మన సంఘమువారు ఈ సంచికకు చరిత్ర విషయముపై ఒక వ్యాసము వ్రాయుమని కోరిరి. రాజులను గూర్చియు కవులను గూర్చియు వ్రాయుటకు మాకంటె తగినవారు పెక్కురు కలరు. మేము మెట్రిక్కు వఱకు మాత్రమే చదివి, బళ్లారిలో ముప్పది సంవత్సరములకు పైగా దస్తావేజుల నకళ్లు వ్రాయు గుమాస్తాగా పనిచేసి విరమించినవారము. మా చేతిమీదుగా పోయిన కాగితములలో పంపకపు పత్రములున్నవి, తనఖాలున్నవి, ఒంటిగది యిల్లు కొన్న కూలివాని క్రయపత్రములున్నవి. వానియన్నింటను తప్పక కనబడునది చెక్కుబందీ. తూర్పున ఫలానావారి గోడ, పడమట బాట, ఉత్తరమున ఫలానావారి దొడ్డి, దక్షిణమున మురుగుకాలువ. ఒక మనుష్యుని ఆస్తి యేదో చెప్పవలెనన్న, వాని పొరుగువారి పేర్లు చెప్పక తప్పదు. ఈ సంగతిని లెక్కలేనన్ని మారులు వ్రాసియు, దాని యర్థమును మేము మా యింటి గోడ దగ్గఱనే తెలిసికొంటిమి. కనుక హద్దుగోడ చరిత్రనే వ్యాసవిషయముగా గైకొంటిమి.

మనబోటి కుటుంబములకు ఇది మఱింత దగ్గఱి విషయము. మన తాతముత్తాతలు కట్టిన యిండ్లు ఉన్నచోటనే యున్నవి, హద్దులే కదలినవి. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు, బరంపురములోని తెలుగువారు తమ వాకిలి దాటకయే మద్రాసు రాజధాని నుండి వేఱొక రాష్ట్రములోనికి వచ్చిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు క్రొత్తగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రములో చేరగా, బళ్లారి మైసూరు రాష్ట్రములో చేరినది. ఆ పెద్ద హద్దులు మన చేతిలోనివి కావు. ఇంటి ప్రక్క హద్దు మాత్రము మన చేతిలోనిదే. గోడకు అవతలివాడు కన్నడిగుడు కావచ్చును, ఒడియావాడు కావచ్చును, తమిళుడో మరాఠీవాడో కావచ్చును. మన బంధువులు రైలెక్కి రావలెను. అతడు పిలిచిన పలుకు దూరములో నున్నాడు.

శాస్త్రములు చెప్పిన కొలతలు

ఇండ్ల మధ్య తగవులు మున్సిపాలిటీలతో పుట్టినవి కావు. కౌటిల్యుని అర్థశాస్త్రములో మూడవ అధికరణమునందు గృహనిర్మాణమును గూర్చిన అధ్యాయమొకటి కలదు. చిరకాలము మఱుగుపడియుండిన యీ గ్రంథమును మైసూరు ప్రాచ్యగ్రంథాలయములో ఆర్. శామశాస్త్రిగారు గుర్తించి 1909లో ముద్రింపించిరి. ఇంటికిని ఇంటికిని నడుమ కొలత ప్రకారము ఎడముండవలెనని, వాననీరు పోవు దారి యుండవలెనని, మురుగు పొరుగువానికి బాధ కలిగింపరాదని అందు చెప్పబడినది. ఈ నియమములన్నియు చెప్పిన పిమ్మట, ఇండ్ల యజమానులు తమలో తాము కలసి మాటలాడుకొని ఇష్టము వచ్చినట్లు కట్టుకొనవచ్చుననియు, ఒకరికొకరు కీడు లేకుండ చూచుకొనవలెననియు కౌటిల్యుడు సెలవిచ్చెను. శిక్షల విషయములో ఏమాత్రము మెత్తనివాడు కాని ఆ రాజనీతిజ్ఞుడు కూడ, గోడ విషయములో పొరుగువారి యొడంబడికకు చోటు విడిచెను.

యాజ్ఞవల్క్యస్మృతిలో సీమావివాదమునకు ప్రత్యేక ప్రకరణము కలదు. హద్దు తగవు వచ్చినపుడు చుట్టుప్రక్కల పొరుగువారు నలుగురో, ఎనమండుగురో, పదిమందియో ఎఱ్ఱని పూలమాలలును ఎఱ్ఱని వస్త్రములును ధరించి, తలపై మన్ను పెట్టుకొని, హద్దు వెంబడి నడచి చూపవలెను. పొలములకు చెప్పిన యీ పద్ధతియే ఇండ్లకును, వాననీటి కాలువలకును వర్తించునని ఆ స్మృతియే చెప్పుచున్నది. ఆ కాలమున హద్దునకు సాక్ష్యము కాగితము కాదు, పొరుగువాడే.

ఈ స్మృతికి మితాక్షర యను ప్రసిద్ధవ్యాఖ్యను వ్రాసిన విజ్ఞానేశ్వరుడు కళ్యాణ చాళుక్య చక్రవర్తియగు ఆఱవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమువాడు. ఆ కళ్యాణమే నేటి కర్ణాటకములోని బసవకళ్యాణము. పదుమూడవ శతాబ్దిలో తిక్కన సమకాలికుడగు కేతన ఆ ధర్మశాస్త్రమును విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలో వెలయించెను. కన్నడదేశమున పుట్టిన గ్రంథము తెలుగువారి యింటికి ధర్మము చెప్పినదన్నమాట. కర్ణాటకములోని మనవారు ఈ యిచ్చిపుచ్చుకొనుటను మఱువరాదు.

బృహస్పతిస్మృతి మఱింత యింటి ముంగిటికి వచ్చినది. ముందునుండి యున్న కిటికీని, నీటి దారిని తరువాత వచ్చినవాడు మూయరాదని అది చెప్పుచున్నది. కాత్యాయనుని పేర ధర్మగ్రంథములలో ఉదాహరింపబడిన వచనమొకటి, మరుగుదొడ్డిని, నిప్పుండు చోటును, గోతిని పరుని గోడకు రెండు అరత్నులు విడిచి యేర్పఱచుకొనవలెనని విధించినది. అరత్ని యనగా సుమారొక మూర. రెండు మూరలనగా మూడడుగులు. ఈ మూడడుగులను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము; మా కథలో మరల వచ్చును.

1882 నాటి చట్టము

ఇంగ్లీషువారి పాలనలో ఈ విషయములకు వ్రాతపూర్వకమైన చట్టము 1882లో వచ్చినది. అదే ఈజ్‌మెంటు చట్టము. పరుని స్థలముపై మన యింటికుండు అనుభవ హక్కునే ఈజ్‌మెంటు అందురు. ఈ చట్టము ఆ సంవత్సరము జూలై 1వ తేదీన మద్రాసు రాజధానిలో అమలునకు వచ్చినది కనుక, చెన్నపట్టణము, బళ్లారి, బరంపురము మూడును మొదటి దినము నుండియు దాని క్రిందనే యున్నవి. బొంబాయి రాజధానికి 1891లో దానిని వర్తింపజేసిరి గనుక షోలాపురము అప్పుడు దాని క్రిందికి వచ్చినది.

చట్టము ఏడవ సెక్షనులోని ఉదాహరణములలో మొట్టమొదటిది, పట్టణములో స్థలము గలవానికి మున్సిపల్ చట్టమునకు లోబడి తన స్థలములో కట్టుకొను హక్కు కలదనుట. దీనిని మాత్రమే చదివి పుస్తకము మూసినవారు పలువురు చెడిరి. అదే సెక్షనులో, ప్రక్కవాని నేల మన నేలకు సహజముగా ఇచ్చుచున్న ఆధారము పోకుండ కాపాడుకొను హక్కు కూడ కలదు. పునాది తీయునపుడు హద్దు ప్రక్కనే లోతుగా త్రవ్వి, ప్రక్కవాని నేల జాఱునట్లు చేయరాదు. చప్పుడు వలనను అదురు వలనను ఇంటివాని దేహసుఖమునకు మితిమీఱిన భంగము కలిగింపరాదని మఱియొక ఉదాహరణము. షోలాపురములో మగ్గములపై బ్రతికిన మన పద్మశాలీ కుటుంబములకు ఇది పుస్తకములోని మాట కాదు. ఇంటికి చేర్చి ఒక కొట్టు వేసి అందు మరమగ్గము పెట్టినచో, గోడకు అవతల నిద్రించువాని సంగతియు చూడవలెను.

పదునైదవ సెక్షను కిటికీల సెక్షను. ఒక కట్టడమునకు ఇరువది సంవత్సరములు ఎడతెగకుండ, తగవు లేకుండ, హక్కుగా వెలుతురును గాలియు వచ్చుచుండినచో, దానిని అడ్డుకొనుటకు వీలులేని హక్కు ఏర్పడును. అయితే ముప్పదిమూడవ సెక్షను ప్రకారము, నష్టము గణనీయమైనదైననే పరిహారమునకు దావా పడును. ఇక పదునెనిమిదవ సెక్షను ఆచారమును గుర్తించినది. ఇంటి ఆడవారు మెలగు చోటు కనబడునట్లు క్రొత్త కిటికీ తెఱవరాదను ఆచారము ఒక ఊరిలో ఉన్నయెడల, ఆ ఆచారమే హక్కగును.

అఱువదవ సెక్షనును అందఱును తెలిసికొనవలెను. పొరుగువాడు నోటిమాటగా ఇచ్చిన అనుమతిని సాధారణముగా మరల తీసికొనవచ్చును. కాని ఆ మాటను నమ్మి అవతలివాడు డబ్బు ఖర్చుపెట్టి శాశ్వతమైన కట్టడము కట్టినచో, ఆ అనుమతిని రద్దు చేయుటకు వీలులేదు. "కానిమ్ము, మన పిల్లలే గదా" అని పలికిన మాట మనుమల కాలము వఱకు నిలిచిపోవచ్చును.

యానాములోని లెక్క

గోదావరి యొడ్డున యానాములోని మనవారికి మాత్రము ఈ లెక్క వేఱుగా నుండెను. 1954 జూన్ వఱకు అది ఫ్రెంచివారి యేలుబడి. వారి సివిల్ కోడు 1804 నాటిది. 1819లో భారతదేశములోని ఫ్రెంచి స్థావరములలో దానిని ప్రకటించిరి. అందు ఉమ్మడిగోడను గూర్చి వివరమైన నియమములు కలవు. రెండు కట్టడముల నడుమనున్న గోడ, వేఱు రుజువు లేనియెడల ఇద్దఱిదిగానే భావింపబడును. మరమ్మతు ఖర్చు ఇద్దఱును భరింపవలెను. గోడ ఒక్కనిదే యైనను, పొరుగువాడు సగము విలువయు, దాని క్రింది నేలలో సగము విలువయు చెల్లించి దానిని ఉమ్మడిగా చేసికొనవచ్చును. పొరుగు స్థలమువైపు నేరుగా చూచు కిటికీ తెఱవవలెనన్న 19 డెసిమీటర్లు, అనగా ఆఱడుగులకు కొంచెము మించిన యెడము విడువవలెను. ఓరగా చూచు కిటికీకి 6 డెసిమీటర్లు చాలును. చూరునీరు తన స్థలములోనో వీధిలోనో పడవలెను గాని పొరుగువాని స్థలములో పడరాదు.

కౌటిల్యునికిని నెపోలియను కాలపు న్యాయవేత్తలకును ఎట్టి చుట్టఱికమును లేదు. అయినను ఇద్దఱును కిటికీ, చూరునీరు, గోడ యెడము అను నీ చిన్న వస్తువుల దగ్గఱనే ఆగి కొలతలు పెట్టిరి. మనుష్యులు ఎక్కడ ప్రక్కప్రక్కన నివసించినను తగవు పుట్టు చోట్లు ఇవియే.

సందు చేసిన కీడు

ఎడము విడిచినంత మాత్రమున ఎల్లయు చక్కబడునని తలపరాదు. బొంబాయిలో తెలంగాణ ప్రాంతము నుండి పోయిన కామాఠీ పనివారి పేర కామాఠిపురా వెలసినది. ఆ నగరములో ఇంటికిని ఇంటికిని నడుమ విడిచిన ఇఱుకు సందులు గాలికి గాక మురుగునకు, చెత్తకు దారులైనవి. 1896లో బొంబాయిలో ప్లేగు వ్యాపించినపుడు, వెలుతురు సోకని యిఱుకు ఇండ్లమీద పాలకుల దృష్టి పడినది. 1898లో నగర పునరుద్ధరణకై ఇంప్రూవ్‌మెంటు ట్రస్టు ఏర్పడినది. తరువాత ఆ సంస్థ వారు అఱువదిమూడున్నర డిగ్రీల వెలుతురు నియమమను దానిని ప్రచారము చేసిరి. సామాన్యభాషలో చెప్పవలెనన్న, ఇంటి ముందు విడిచిన ఖాళీ వెడల్పునకు రెండింతలకు మించి ఎదుటి కట్టడము ఎత్తుండరాదు.

మన వైపున 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము కట్టడపు పటమును ముందుగా చూపి అనుమతి పొందు పద్ధతిని స్థిరపఱచినది. నేడు ప్రతి రాష్ట్రమునకును వేఱు వేఱు నియమములు కలవు. స్థలపు కొలతను బట్టి విడువవలసిన ఖాళీయు మాఱుచుండును. అది ఊరి కార్యాలయములో అడిగి తెలిసికొనవలసిన సంగతి. అయితే ఆ అనుమతి మనకును ప్రభుత్వమునకును నడుమ జరిగినది. పొరుగువాని హక్కు దానివలన తీఱిపోదు. ఈ భేదమును తెలియక కాదు, తెలిసియే మేము తప్పు చేసితిమి.

మా యింటి గోడ

అది 1987వ సంవత్సరము. మాకు వివాహము నిశ్చయమైనది. మిద్దెయిల్లు చిన్నది; తండ్రిగారు గతించిరి; తల్లియు తమ్ముడును మేమును ఉంటిమి. పెరటిలో ఒక గది వేయ నిశ్చయించితిమి. పెరటికి తూర్పున నొక కన్నడ కుటుంబము వారి వంటయిల్లు. వారి వీధివాకిలి అవతలి వీధిలో. వంటయింటి కిటికీ మాత్రము మా పెరటిలోనికి తెఱచియుండెను. అది మేము పుట్టక మునుపటి కిటికీ. ఆ యింటి పెద్దావిడను వారి భాషలో మేమును అజ్జి అని పిలుచుచుంటిమి. మా తల్లియు ఆమెయు ఆ కిటికీ కడ్డీల నడుమనుండి కరివేపాకు మొదలుకొని కష్టసుఖముల వఱకు ఇచ్చిపుచ్చుకొనెడివారు.

పునాదికి ముగ్గు వేయునాడు మేస్త్రీ, "పక్కింటోళ్లను ఒక మాట అడిగినారా సామీ?" అనెను. కాగితము ప్రకారము హద్దు వఱకు స్థలము మాదేనంటిమి. వారి గోడకు జానెడు దూరములో మా గోడ లేచినది. పదునైదవ సెక్షను మాకు కంఠస్థము. ఇరువది యేండ్లు ఏనాడో నిండినవనియు ఎఱుగుదుము. కాని వారి వంటయింటికి మరియొక చిన్న కిటికీ కలదు గనుక నష్టము గణనీయము కాదని వాదింపవచ్చునని మనస్సులో లెక్క వేసికొంటిమి. గోడ కిటికీ యెత్తునకు వచ్చిననాడు అజ్జి కడ్డీలు పట్టుకొని, "ఏం తమ్మా, ఈ కిటికీ మీ అమ్మదీ నాదీ కదా, మీరిద్దరే ఎట్ల మూస్తారు?" అని మాత్రమడిగినది. మేము మేస్త్రీ వైపు తిరిగి సున్నము సంగతి మాటలాడితిమి.

వారి కుమారుడు వకీలుచేత నోటీసు పంపెను. మేము దానికి చక్కని జవాబు వ్రాసితిమి. చక్కగా వ్రాయుట మా వృత్తియే గదా. రెండు సంవత్సరములు రెండిండ్లకును మాటలు లేవు. గదిపై రేకుల కప్పు వేసితిమి, వివాహమైనది. ఆ జానెడు సందులో వాననీరు నిలిచి రెండు గోడలును చెమ్మగిలినవి. దానిలో మనిషి పట్టడు గనుక ఊడ్చువాడు లేడు, పూయువాడు లేడు. ఎలుకలు మాత్రము పట్టెను. మా తల్లి ఆ గదిలో నొకనాడైనను పండుకొనలేదు. కారణము మేమడుగలేదు, ఆమె చెప్పలేదు.

1989లో మా తల్లి కాలధర్మము చెందెను. బంధువులు గుంతకల్లు మీదుగా రావలసినవారు, మఱునాటికి గాని రాలేదు. ఆనాడు మా యింట పొయ్యి రాజలేదు. సాయంకాలము అజ్జి కోడలును మనుమడును అన్నపు గిన్నెయు చారుచెంబును ఎత్తుకొని, వీధి చుట్టి, మా వాకిట నిలిచిరి. గిన్నెలపై తడిగుడ్డ కప్పియుండెను. కిటికీ యున్నచో నాలుగడుగుల దూరము. అజ్జికి నడువ చేతగాదు గనుక రాలేదని, మా అమ్మ ముఖము చూడలేకపోయినందుకు ఏడ్చుచున్నదని కోడలు చెప్పినది. మేము ఆ యన్నమును తింటిమి.

కర్మలు ముగిసిన పిమ్మట మేస్త్రీని పిలిపించి, ఆ గోడను విప్పించి, వారి గోడకు రెండు మూరలు విడిచి మరల కట్టించితిమి. ఏ కోర్టును ఆజ్ఞాపింపలేదు. పదడుగుల గది ఎనిమిదడుగులకు కొంచెము తక్కువైనది. అందు మంచము వేసిన బీరువా పట్టదు. మా యింటావిడ బీరువాను నేటికిని వసారాలోనే ఉంచుకొనియున్నది. కాత్యాయనుని రెండు అరత్నులను గూర్చి మేము చదివినది ఆ తరువాత చాలకాలమునకు. ఆనాడు మేస్త్రీ తన మోచేతితో కొలిచి, "ఇంతుంటే మనిషి పోయి వస్తాడు సామీ" యని చెప్పినదే మాకు ప్రమాణము.

అప్పుడు వ్రాసికొన్న కాగితము

మాట మీదనే ఉండక, ఇరుపక్షములును కలసి కన్నడమునను తెలుగునను ఒక ఒడంబడిక వ్రాసికొని రిజిస్టరు చేయించితిమి. అందలి షరతులు మనవారికి ఉపయోగపడవచ్చునని తెలుపుచున్నాము. సందు స్థలము మాది. కిటికీ వెలుతురు వారిది. మా రేకుల నీరు దోనె ద్వారా మా వైపుననే దిగవలెను. గోడ పూతకును సున్నమునకును ముందుగా చెప్పి ఎవరైనను సందులోనికి రావచ్చును. ఊడ్చుట ఒక నెల వారిది, ఒక నెల మాది. ముందుముందు ఎవరు పైయంతస్తు వేసినను, పటమును కార్యాలయములో ఇచ్చుటకు మునుపు పొరుగువారికి చూపవలెను.

ఈ చివరి షరతు అజ్జి చెప్పినది. ఆమె చదువుకొన్నది కాదు. మనమింత సేపు చెప్పుకొన్న శాస్త్రములును చట్టములును చివరకు చేరిన చోటు అదియే. కొలతలు కాలమును బట్టియు దేశమును బట్టియు మాఱినవి; ముందుగా అడుగవలెనను ధర్మము మాఱలేదు. చట్టము గోడ ఎంత దూరమున నుండవలెనో చెప్పును. ఆ దూరములో ఏమి మెలగవలెనో, గిన్నెయా, ఎలుకలా, రెండిండ్లవారే నిర్ణయించుకొనవలెను.

అజ్జి నేడు లేదు. ఆనాడు చారుచెంబు మోసికొని వచ్చిన మనుమడే ఇప్పుడు ఆ యింటి యజమాని. గత సంవత్సరము అతడు పైయంతస్తు వేయదలచి, ఇంజనీరు గీసిన పటమును చుట్టచుట్టి సంకన పెట్టుకొని మా యింటికి వచ్చెను. బల్లపై పఱచి, "కిటికీ ఎక్కడ పెట్టమంటారు మామా?" అని యడిగెను. క్రింది కిటికీకి సరిగా పైన పెట్టుమంటిమి.